ఉల్లంకి పిట్టలకు నీడ

జిలానీకి పిచ్చెక్కినంత పనైంది. తాను కంటికి రెప్పలా చూసుకుంటున్నకొద్దీ ఉల్లంకి పిట్టలు తగ్గిపోతున్నాయి.

అతనుండే దర్గా, సముద్రపు నీళ్లు ఎక్కి దిగే ఉప్పుకయ్య ఒడ్డున ఉంది. పోటు తగ్గి నీళ్లు వెనక్కి తీసినప్పుడు దర్గా ఎదుట పెద్ద బురద మేట బయటపడుతుంది. ఏటా చలికాలం మొదలయ్యేసరికి ఆ సన్నకాళ్ల పిట్టలు ఎక్కడెక్కడి నుంచో వచ్చి, బురదలో ముక్కులు గుచ్చి పురుగులేరుకునేవి. దర్గా పెద్ద మస్తాన్‌వలీ బాబాకు పొద్దున్నే వాటిని చూస్తేగాని టీ దిగదు. అది తెలిసిన శిష్యుడు జిలానీ వాటి బాగోగులు నెత్తినేసుకున్నాడు.

పిట్టలకు వలలు పన్నేవాళ్లతో తగాదా పడ్డాడు. కుక్కల్ని తరిమాడు. పాపం, ఎండకు మాడిపోతున్నాయని బురద అంచునే సరుగుడు మొక్కలు నాటి, మంచినీళ్లు కడవలతో మోసి పోశాడు. భుజం కాయ కాసింది. చెట్లు ఏపుగా లేచాయి. కొమ్మల్లో ఒక డేగ కూడా చేరింది. అంతా తన తోట చలవేనని అతను మురిసిపోయాడు.

ఉల్లంకులు మాత్రం ఏడాదికేడాది పలచబడ్డాయి. ఈసారి వచ్చిన కాసిని కూడా దిగబోయినట్టే దిగబోయి, గిర్రున తిరిగి వెళ్లిపోతున్నాయి. ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నా అతనికి కారణం తోచలేదు.

"నేనేం తక్కువ చేశాను బాబా? ఇంకా చెట్లు నాటమంటారా?"

"అన్నం వేళైంది, కూర్చో అబ్బయ్యా," అన్నాడు బాబా.

పంచలో కంచం పెట్టి, తానే వడ్డించాడు. లోపల్నుంచి దుప్పటి తెచ్చి జిలానీ వీపుకు ఆనేంత దగ్గరగా రెండు స్తంభాలకు కట్టాడు. మూలనున్న కర్ర తీసుకుని దాని వెనక్కి వెళ్లాడు. ఆ తర్వాత చప్పుడు లేదు.

జిలానీ ఒక ముద్ద తిని వెనక్కి చూశాడు. దుప్పటే కనిపించింది. గురువును అనుమానిస్తున్నందుకు సిగ్గేసింది. అయినా మెడ వెనక జివ్వుమంటూనే ఉంది.

"బాబా, ఆడ ఏం చేస్తా ఉండారు?"

"నీకు నీడ పట్టుకోనుండా. తిను."

"మరి కర్రెందుకు?"

ముద్ద గొంతు దిగలేదు. ఈ ముసలాయనకు ఏమైందో ఏమోననుకుంటూ జిలానీ కంచం పట్టుకుని లేచి, వాకిలి నడుమ మిటమిటలాడే ఎండలో కూలబడ్డాడు. చుట్టూ అంతా కనబడుతోంది. అప్పుడు దిగింది అన్నం.

ఇంకో ముద్ద నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

అతను బురద వైపు చూశాడు. ఉల్లంకులు కిందికి వాలుతున్నాయి. సరుగుడు కొమ్మల్లో డేగ ఒళ్లు విదిలించుకుంది. పిట్టలన్నీ ఒక్కసారిగా పైకి లేచిపోయాయి.

జిలానీ చెయ్యి కడుక్కుని గొడ్డలి తీసుకున్నాడు. చెట్ల మధ్య నిలబడ్డాక చెయ్యి ఆడలేదు. ఏడుపొచ్చింది. తన చేత్తో పెంచినవి కదా!

బాబా వెనకనుంచి వచ్చాడు. ఈసారి దూరాన్నుంచే దగ్గుతూ వచ్చాడు.

"ఏ చెట్టుతో మొదలుపెట్టను బాబా?"

"నువ్వు దేనికి ఎక్కువ నీళ్లు పోశావో దాంతో."