వడ్రంగిపిట్ట పోగొట్టిన పాట

ఒకప్పుడు వడ్రంగిపిట్ట చెట్లను పొడిచేది కాదు. అసలు దానికి ఆ పేరే లేదు. నెత్తిమీద ఎర్రటి కుచ్చు ఉండేది కాబట్టి అడవిలో అందరూ ఎర్రకుచ్చు అని పిలిచేవారు. పొద్దున్నే ఎర్రకుచ్చు కొమ్మ చివర కూర్చుని కమ్మగా పాడుకునేవాడు.

పాలపిట్టలు అంతకంటే బాగా పాడేవి. అవి పాడుతుంటే జింకలు మేత మానేసి నిలబడేవంటే చూసుకోండి.

ఆ అడవి అంచున అచ్యుతమ్మ అనే ఆవిడ ఉండేది. పట్నంలో ముప్పై ఏళ్లు టైపు కొట్టి, ఉద్యోగం అయిపోయాక అక్కడికొచ్చి ఇల్లు కట్టుకుంది. ఆవిడ దగ్గర ఒక బుల్లి కీబోర్డు ఉండేది. జానెడంటే జానెడే. దాని మీటలు నొక్కితే టకటకమని గట్టిగా చప్పుడయ్యేది. ఎర్రకుచ్చుకు ఆ చప్పుడంటే ప్రాణం. రోజూ కిటికీలో వాలి చూసి చూసి, ముక్కుతో టైపు కొట్టడం నేర్చేసుకున్నాడు.

ఒక వేసవిలో గాలి వచ్చి పక్షులందరినీ పిలిచింది. తలొంచుకుని చెప్పింది. "ఈసారి వానలకు ముందు చాలా పెద్దగా వస్తాను. నన్ను నేను ఆపుకోలేను. ముసలివాళ్లు తట్టుకోలేరు."

పక్షులకు దిగులు పట్టుకుంది. ముసలివాళ్లు పోతే వాళ్ల పాటలూ పోతాయి. ఇంకా గుడ్లలో ఉన్న పిల్లలకు ఎవరు నేర్పుతారు? అందరూ కలిసి అచ్యుతమ్మ దగ్గరికి వెళ్లి, మా పాటలు రాసిపెట్టమని అడిగారు. ఆవిడ సరేనంది. రోజుకొక ముసలి పిట్ట వచ్చి పాడేది. ఆవిడ టైపు కొడితే పాట పక్కనున్న ప్రింటరులో కాగితం మీద అచ్చయ్యేది. ఆ రోజుల్లో పక్షులకు చదువొచ్చు.

పని సగంలో ఉండగా, అచ్యుతమ్మ కంటి ఆపరేషనుకు రోజు ఖాయమైంది. పది రోజులు పట్నంలో ఉండాలి. ఆవిడ ఆ పని ఎర్రకుచ్చుకు అప్పగించింది. వెళ్లేముందు కీబోర్డు దగ్గర కూర్చోబెట్టి ఒక్క సంగతి మాత్రం మరీ మరీ చెప్పింది.

"ఇది చిన్నది కదా, అన్ని గుర్తులకూ ఇందులో చోటు లేదు. కొన్నిటిని అక్షరాల మీటల్లోనే దాచారు. ఈ మూల మీటను నొక్కి పట్టుకుని అక్షరాన్ని కొడితేనే గుర్తు పడుతుంది. పట్టుకోకపోతే అక్షరమే పడుతుంది. నీకున్నది ఒకటే ముక్కు. అవసరమైతే ఉడుతను పిలు నాయనా, సిగ్గుపడకు."

ఎర్రకుచ్చు తలూపాడు. కానీ అప్పటికే, ఒక్కణ్నే అన్నీ రాసేస్తానని అడవంతా చెప్పుకుని వచ్చాడు.

ఏడు రోజులు, ఏడు పాటలు ఏ ఇబ్బందీ లేకుండా సాగాయి. ఎనిమిదో రోజున నీలవ్వ వచ్చింది. ఆ అడవిలో మిగిలిన పాలపిట్ట ఆమె ఒక్కతే. కూతురూ అల్లుడూ కార్చిచ్చులో పోతే, వాళ్ల గుడ్లను తన తొర్రలో పెట్టుకుని పొదుగుతోంది. రెక్కల్లో సత్తువ లేదు. కొమ్మకొమ్మకూ ఆగుతూ వచ్చి పాట ఎత్తుకుంది.

ఆ పాటలో మాటకూ మాటకూ మధ్య గొంతు ఉయ్యాలలా ఊగేది. దాన్ని రాయడానికి ఊగుగుర్తు ఉంది. అది 'క్రా' అనే మీటలో దాగి ఉంది.

ఎర్రకుచ్చు మూల మీటను ముక్కుతో నొక్కి, వదిలి, చటుక్కున రెండో మీటను కొట్టాడు. క్రా అని పడింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ క్రా. కాలితో నొక్కి పట్టుకుందామంటే, పట్టు జారి పక్క మీటలన్నీ పడి వరుస చెడిపోయింది.

కిటికీలో ఉడుత నేరేడుపండు తింటోంది. ఆ మూల మీట తను పట్టుకోనా అని మెల్లగా అడిగింది. ఎర్రకుచ్చుకు తల తీసేసినట్టయింది. అక్కర్లేదు, నీ పని చూసుకో పొమ్మన్నాడు. ఉడుత పండు అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

నీలవ్వ అతని కోసం మూడుసార్లు పాడింది. మూడోసారికి ఆయాసం వచ్చేసింది.

"ఆ ఊగు పడిందా నాయనా? అది లేకపోతే అది మా పాట కాదు."

"పడింది అవ్వా," అన్నాడు ఎర్రకుచ్చు.

ఆమెకు చూపు సరిగా ఆనదు. కాగితం చూడలేదు, మాట నమ్మింది. చల్లగా ఉండమని దీవించి, వచ్చినట్టే ఆగుతూ ఆగుతూ వెళ్లింది. రెండు రోజుల్లో అచ్యుతమ్మ వచ్చేస్తుంది, అప్పుడు దిద్దేద్దాంలే అనుకున్నాడు ఎర్రకుచ్చు.

మర్నాడే గాలి వచ్చింది. మూడు రోజులు వీచింది. అది తగ్గాక చూస్తే, నీలవ్వ తన చెట్టు కింద రెక్కలు ముడుచుకుని పడి ఉంది. తొర్రలో గుడ్లు మాత్రం పగల్లేదు. మైనాలు వాటిని పొదిగాయి.

అచ్యుతమ్మ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని తిరిగొచ్చింది. ఎర్రకుచ్చు జరిగిందంతా దాచకుండా చెప్పేశాడు. ఆవిడ తిట్టలేదు. మూల మీట మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుని, కొట్టమంది. కొట్టాడు. ఒక్క దెబ్బకు ఊగుగుర్తు పడింది.

"ఇప్పుడు చెప్పు, పాటలో ఎక్కడెక్కడ పెట్టాలి?"

ఎర్రకుచ్చు కాగితం మీదికి వంగి చూశాడు. చెడిపోయిన వరుసలో ఏది ఊగో, ఏది పట్టు జారి పడిందో తెలియడం లేదు. నీలవ్వ పాడినంతసేపూ అతను మీటల వంకే చూశాడు. పాట వినలేదు.

రివ్వున ఎగిరి వెళ్లి జింకలను అడిగాడు. విన్నాం గానీ ఎక్కడ ఊగేదో గుర్తు లేదన్నాయి. ఉడుతను అడిగాడు.

"విందామనే వచ్చాను. నువ్వు పొమ్మన్నావు కదా," అంది ఉడుత.

పాలపిట్ట పిల్లలు పెద్దవయ్యాయి. రెక్కలకు నీలం వచ్చింది. ఒకరోజు అచ్యుతమ్మ ఇంటికి వచ్చి మా అవ్వ పాట ఇవ్వమని అడిగాయి. ఉన్నది ఆ కాగితమే. అదే ఇచ్చాడు. పిల్లలు కొమ్మ మీద వరుసగా కూర్చుని, ఎంతో శ్రద్ధగా అందులో ఉన్నది ఉన్నట్టు చదివాయి. క్రా, క్రా, క్రా.

అందరికంటే చిన్నది అడిగింది. "మా అవ్వ ఇలాగే పాడేదా మామా?"

ఎర్రకుచ్చు ముక్కును రెక్క కింద దాచుకున్నాడు. అచ్యుతమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

ఆ రోజుతో ఎర్రకుచ్చు తన పాట మానేశాడు. నీలవ్వ బతుకంతా చెట్టు తొర్రల్లోనే గడిచింది కదా, ఆమె పాట ఏ మానులోనైనా అంటుకుని ఉండకపోతుందా అని అతనికి తోచింది. వెళ్లి ఒక మాను పట్టుకుని ముక్కుతో కొట్టాడు. చెవి ఒగ్గి విన్నాడు. ఇంకోటి కొట్టాడు. వడ్రంగిలా మానులు కొడుతున్నాడని అడవిలో అందరూ వడ్రంగిపిట్ట అనడం మొదలుపెట్టారు.

అప్పటినుంచే పాలపిట్ట ఒంటి మీద అంత అందం పెట్టుకుని కూడా బొంగురుగా క్రా క్రా అని అరుస్తుంది. అప్పటినుంచే వడ్రంగిపిట్ట మాను మీద టకటకా కొట్టి, కాసేపు ఆగి, తల పక్కకు వంచి వింటుంది. ఏమీ వినపడక ఇంకో చెట్టుకు వెళుతుంది.