పళ్లెంలో మిగిలినవి

విమానాన్ని తలకిందులుగా నడపడం నేర్పే గవర్రాజు మాస్టారి దగ్గర ఒక నియమం ఉండేది. ఎక్కేముందు జేబులు ఖాళీ చేసి, అన్నీ షెడ్డు గుమ్మంలోని ఇత్తడి పళ్లెంలో పెట్టాలి. గాలిలో తిరగబడినప్పుడు ఓ పెన్నో తాళంచెవో జారి యంత్రంలో ఇరుక్కుంటే మనిషి తిరిగి రాడు. దిగాక ఎవరివి వాళ్లు తీసుకుంటారు. ఆ వారం మాత్రం విమానంతో సహా నేలకూలిన పైలట్ కామేశం వస్తువులు పళ్లెంలోనే ఉండిపోయాయి. దువ్వెన, బండి తాళం, సగం తిని మడిచిపెట్టిన శనగల పొట్లం.

వాటికోసం వాళ్లమ్మ వచ్చింది. గేటు దగ్గర బెంచీ మీద కూర్చుని, "మావాడు ఏం తప్పు చేశాడు బాబూ?" అని కనిపించిన ప్రతివాణ్ణీ అడుగుతోంది. అందరూ తల దించుకుని పోతున్నారు.

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. పైలట్లలో అలా కాదు, చచ్చినవాడి తెలివి చిటికెడే. లేకపోతే బతికున్నవాళ్లకి మర్నాడు విమానం ఎక్కే ధైర్యం ఎక్కడిది? రాబోయే విమాన విన్యాసాల ప్రదర్శనలో కామేశం బదులు ఎగరవలసిన ముకుందం, మాస్టారి దగ్గరికి వచ్చి ఆ మాటే అన్నాడు.

"నడిపే స్టిక్‌ని ఒళ్లోకి లాగితే విమానం పైకి లేస్తుంది. తలకిందులుగా ఉన్నప్పుడు లాగితే నేలలోకి పోతుంది, ముందుకు నెట్టాలి. మొదటి పాఠమే కదండీ. అంత అనుభవం ఉన్నవాడు కొత్తవాడిలా ఎలా లాగాడు? వాళ్లమ్మకి ఆ సంగతి చెప్పేస్తే సరిపోదా?"

కామేశానికి ఆ విద్య నేర్పింది మాస్టారే. మూడుపూటలా ఏడ్చిన కళ్లు ఆయనవి. "జేబులు ఖాళీ చెయ్యి," అన్నారు.

ముకుందం పర్సు, పెన్ను కామేశం దువ్వెన పక్కన పెట్టి ముందు సీట్లో కూర్చున్నాడు. మాస్టారు వెనక కూర్చున్నారు. చాలా ఎత్తుకు వెళ్లాక ముకుందం విమానాన్ని తిరగేశాడు. పత్తి చేలు నెత్తిమీదికి వచ్చాయి. కాళ్లకింది దుమ్ము రాలి కళ్లలో పడింది. చక్కగా నెట్టి పట్టి, గీత గీసినట్టు నడుపుతున్నాడు. ఇంతలో వెనకనుంచి మాస్టారు, "గద్ద! ఎదురుగా గద్ద!" అని అరిచారు.

ముకుందానికి గద్ద కనపడలేదు. కనపడకముందే చెయ్యి స్టిక్‌ని ఒళ్లోకి లాగేసింది. విమానం ముక్కు నేలకేసి తిరిగింది. చేలు మీదికి వస్తున్నకొద్దీ అతను ఇంకా గట్టిగా లాగాడు. మాస్టారు తన సీటు ముందున్న రెండో స్టిక్ పట్టి విమానాన్ని వెల్లకితలనుంచి సరిచేసి, మెల్లగా పైకి లేపారు. ఆకాశంలో గద్ద ఎక్కడా లేదు.

విమానం నేలమీద ఆగాక ముకుందం బెల్టు విప్పుకుని దిగాడు. పళ్లెం దగ్గరికి వచ్చి తన పర్సు, పెన్ను తీసుకుంటుంటే శనగల పొట్లం వేళ్లకి తగిలింది. చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గేటు దగ్గర బెంచీ మీద కామేశం తల్లి ఇంకా అలాగే కూర్చుని ఉంది.

మాస్టారు పళ్లెం ఎత్తి అతని చేతుల్లో పెట్టారు.

"ఆవిడకి ఇచ్చిరా నాయనా. ఏం తప్పు చేశాడని అడుగుతుంది. ఇప్పుడు చెప్పు."