ఐదో గుంజ దగ్గర లోతెంత?

అనగనగా సముద్రపు ఒడ్డున ఒక మడ అడవి ఉండేది. అక్కడ ఒక నది వచ్చి సముద్రంలో కలిసేది. అలా కలిసే చోటును మొగ అంటారు. మొగకు ఇవతల అడవి, అవతల ఒక లంక. లంకలో తియ్యటి నీళ్ల చెలమలు, మెత్తటి గడ్డి ఉండేవి. అందుకని అడవి జంతువులు రోజూ పడవెక్కి లంకకు వెళ్లి వచ్చేవి.

పైకి చూస్తే మొగలో నీళ్లన్నీ ఒకేలా కనిపిస్తాయి. కానీ అడుగున ఇసుక దిబ్బలుంటాయి. పడవ దిబ్బకు తగిలిందంటే ఇక అంతే! అందుకని నూకాలు అనే ముసలి కొంగ, లోతున్న దారి పొడవునా ఎనిమిది వెదురు గుంజలు పాతి, వాటికి ఎర్ర గుడ్డలు కట్టింది. పడవలు ఆ గుంజల వెంటే వెళ్లాలి. పడవకు పదిమందే ఎక్కాలి. ఎక్కిన ప్రతివాళ్లూ నడుముకు ఎండు సొరబుర్ర కట్టుకోవాలి, నీళ్లలో పడితే తేలడానికి. రేవులో నూకాలు మాటే మాట.

ఒకరోజు నూకాలు కాలికి ఆలిచిప్ప గుచ్చుకుని లోతుగా తెగింది. నీళ్లలో దిగలేకపోయింది. పైడమ్మ అనే నీటికుక్కను పిలిచింది.

"అమ్మాయీ, నా కాలు మానేదాకా ఈ రేవు నువ్వు చూసుకో. ఇదిగో లోతు కొలిచే గెడ. దీని మీద గాటు కనిపిస్తోందా? పొద్దున్నే ప్రతి గుంజ దగ్గరా గెడ దించు. నీళ్లు గాటు దాటితే పడవ పోవచ్చు. దాటకపోతే గుంజ పీకి, లోతున్న చోట పాతు. అది అయ్యాకే పడవలు కదలాలి" అంది.

"నిన్న సరిగ్గా ఉన్న గుంజను ఈ రోజు మళ్లీ ఎందుకు చూడాలి పెద్దమ్మా?" అని పైడమ్మ అడిగింది.

"చూస్తూ ఉండు, నీకే తెలుస్తుంది" అని నూకాలు కళ్లు మూసుకుంది. పాపం, కాలు అంత నొప్పిగా ఉంది.

మొదటి రోజు పైడమ్మ ఎనిమిది గుంజల దగ్గరా గెడ దించింది. అన్నిచోట్లా నీళ్లు గాటు దాటాయి. 'మరి పెద్దమ్మ ఎందుకలా అంది?' అని ఆలోచిస్తూ ఒడ్డున ఉన్న పీతను అడిగింది.

"నాకేం తెలుసు? నా ఇంటి గుమ్మం మటుకు రోజుకు రెండుసార్లు ఇసుకతో పూడిపోతుంది. తోడలేక చస్తున్నాను" అంది పీత.

ఆ ఇసుక ఎక్కణ్ణుంచి వస్తోందని పైడమ్మ తాబేలును అడిగింది.

"నది తెచ్చి పోస్తుంది, సముద్రం వెనక్కి తోస్తుంది. మధ్యలో అది ఎక్కడ ఆగుతుందో ఎవరికి ఎరుక?" అంది తాబేలు.

రెండో రోజు ఏడు గుంజల దగ్గర నీళ్లు మునుపటిలాగే ఉన్నాయి. ఐదో గుంజ దగ్గర మాత్రం వేలెడు తగ్గాయి. పైడమ్మకు కుతూహలం ఆగలేదు. నీళ్లలో మునిగి, ఆ గుంజ మొదట్లో ఒక తెల్లటి గవ్వ పెట్టి వచ్చింది. సాయంత్రం మళ్లీ మునిగి చూస్తే గవ్వ లేదు. ఇసుక తవ్వితే అడుగున దొరికింది!

"అమ్మో! ఇసుక నడుస్తోందే!" అనుకుంది పైడమ్మ. రేపు ఎంత నడుస్తుందో చూడాలని ఆమెకు ఒకటే ఆత్రం.

మూడో రోజు లంకలో నెమలివారింట పెళ్లి. కుందేళ్లు, జింకలు, ముళ్లపందులు, అందరూ ముస్తాబై రేవుకొచ్చారు. మూడు పడవలు సిద్ధంగా ఉన్నాయి. పైడమ్మ నాలుగు గుంజలు చూసేసరికి అడవిపంది పోలయ్య కేకేశాడు. మొదటి పడవ అతనిదే.

"ఏమ్మా, ఎంతసేపు? ముహూర్తం దాటిపోతోంది. పోటు తగ్గి నీళ్లు తీసేస్తున్నాయి కూడా!"

"ఇంకా నాలుగున్నాయి మావా. కాస్త ఆగు."

"నాలుగు బాగుంటే మిగతావీ బాగున్నట్టే. ఇరవై ఏళ్లుగా పడవ నడుపుతున్నాను. నువ్వు నిన్న మొన్న వచ్చి నాకు దారి చెబుతావా?"

పెళ్లివాళ్లంతా సణిగారు. పైడమ్మకు సిగ్గేసింది. 'రెండు రోజులూ ఏమీ కాలేదు కదా, పోనిద్దామా?' అనిపించింది. మరి ఐదో గుంజ దగ్గర లోతెంత? అది తనకు తెలియదు. తెలియకుండా ఎలా పొమ్మంటుంది?

"చూసేదాకా ఏ పడవా కదలడానికి వీల్లేదు!" అని గట్టిగా అని, ఒడ్డుకు ఈదుకొచ్చి, ఆగమన్నట్టు రేవులో ఎర్ర జెండా ఎత్తింది.

రెండు పడవలు ఆగాయి. పోలయ్య ఆగలేదు. అతని పడవలో పదహారుమంది ఉన్నారు. పట్టుబట్టలు నలుగుతాయని సగంమంది సొరబుర్రలు కట్టుకోలేదు.

పైడమ్మ ఆ పడవ కంటే ముందు ఈదుకుంటూ వెళ్లి ఐదో గుంజ దగ్గర గెడ దించింది. నీళ్లు గాటుకు సగం కూడా లేవు.

"మావా! ఇటు రాకు! దిబ్బ వేసింది!" అని అరిచింది.

పోలయ్య తెడ్డు తిప్పాడు. కానీ బరువుతో కిందికి దిగిన పడవ తిరగలేదు. దిబ్బకు కొట్టుకుని ఆగిపోయింది. పక్కనుంచి ఒక కెరటం వచ్చి కొట్టింది. పడవ ఒరిగింది. అందరూ నీళ్లలో పడ్డారు.

సొరబుర్రలు ఉన్నవాళ్లు తేలారు. లేనివాళ్లు ఉక్కిరిబిక్కిరయ్యారు. పైడమ్మ గబగబా మునిగి లోతున్న దారి వెతికింది. ఐదో గుంజ పీకి, ముప్పై బారల అవతల పాతింది.

"ఈ గుంజ పక్కనుంచి రండి!" అని కేక పెట్టింది.

ఆగిన రెండు పడవలూ పెళ్లివాళ్లను దించేసి, ఖాళీగా ఆ దారినే వచ్చాయి. ఒక్కొక్కరినే పైకి లాగాయి. లెక్కపెడితే పదిహేనుమందే ఉన్నారు. ముసలి కుందేలు కనిపించలేదు! పైడమ్మ ఒరిగిన పడవ కిందికి దూరింది. అక్కడ పడవ అంచు పట్టుకుని, ముక్కు మాత్రం నీటిపైకి పెట్టి వణుకుతోంది ఆ అవ్వ. పైడమ్మ ఆమెను వీపున వేసుకుని ఒడ్డుకు చేర్చింది.

అందరూ బతికారు. పోలయ్య పడవ మాత్రం రెండు చెక్కలైంది. అతను తల ఎత్తలేదు.

పైడమ్మ నూకాలు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెప్పింది. "ఇసుక నడుస్తుందని తెలిసింది పెద్దమ్మా. కానీ రేపు ఎటు నడుస్తుందో తెలియడం లేదు. అదెలా కనిపెట్టాలి?"

నూకాలు నవ్వింది. "నాకూ తెలియదే తల్లీ! తెలియదు కాబట్టే ఇన్నేళ్లూ రోజూ గెడ దించాను."

మర్నాడు పొద్దున్నే పైడమ్మ నీళ్లలోకి దిగబోతుంటే పోలయ్య వచ్చాడు. "అమ్మా, ఆ గెడ ఒకసారి ఇలా ఇస్తావా? ఇరవై ఏళ్లలో నేనెప్పుడూ దించి చూడలేదు" అన్నాడు.

నీతి: నిన్న బాగున్న దారి ఈ రోజు కూడా బాగుందో లేదో బయలుదేరక ముందే చూసుకోవాలి, ఎవరెంత తొందరపెట్టినా పదిమంది ప్రాణాలను అంచనాకు వదలకూడదు.