కొన విరిచిన బెండకాయ

ఒకప్పుడు, బెండకాయను ఎంత విరిచినా చేతికి తడి కూడా అంటని రోజుల్లో, గుమ్మడిపేటలో ప్రతి లక్ష్మివారం సంత జరిగేది. సంత ఇప్పుడూ జరుగుతోందనుకోండి. కానీ అప్పటి బెండకాయ వేరు. దానికి జిగురూ గిగురూ ఏమీ ఉండేది కాదు. పొడిగా, బుద్ధిగా ఉండేది. బుద్ధిగా ఉండేవాళ్లకి సంతలో ఏమవుతుందో వినండి మరి.

ఆ సంతకి సన్యాసమ్మ బెండకాయలు తెచ్చేది. ఆమెకి చిన్న పెరడు. అందులో యాభై బెండ మొక్కలు, ఒక మేక, ఒక మొగుడు. మొక్కలకి నీళ్లు పోసేది సన్యాసమ్మ. పురుగులు ఏరేది సన్యాసమ్మ. మంచు ఆరకముందే కాయలు కోసేదీ ఆమే. మొగుడు గవరయ్య మంచం మీద కూర్చుని సలహాలు చెప్పేవాడు.

సంతలో మంచి చోట్లన్నీ పెద్ద పెద్ద వాళ్లవి. సన్యాసమ్మకి చిట్టచివర తుమ్మచెట్టు కింద ఇంత జాగా దొరికేది. అక్కడే గోనె పరుచుకుని, గంప ముందు పెట్టుకుని కూర్చునేది.

సంతకొచ్చేవాళ్లకి ఒక అలవాటుంది. బెండకాయ కనిపిస్తే చాలు, వంగి, కొన పట్టుకుని పుటుక్కున విరిచేవాళ్లు. విరగకపోతే "ముదురు" అని పడేసి పోయేవాళ్లు. సరే, అది న్యాయమే. విరిగితే లేతదన్నమాట. లేతదైతే కొనాలి కదా? అబ్బే. "ఇదే ఇంత లేతగా ఉంటే, దాని పక్కది ఇంకెంత లేతగా ఉంటుందో" అని పక్కది విరిచేవాళ్లు. తర్వాత దాని పక్కది. పొద్దెక్కేసరికి గంపలో కొన ఉన్న కాయ ఒక్కటి మిగిలేది కాదు.

ఈ విద్యలో మునసబుగారి భార్య మాణిక్యమ్మగారిది అందెవేసిన చెయ్యి. ఒక లక్ష్మివారం ఆవిడ వచ్చి, ఓపిగ్గా గంపంతా విరిచి, నడుం పట్టుకుని లేచింది.

"ఏమే సన్యాసమ్మా, అన్నీ కొనలు విరిగినవే తెచ్చావేమిటి? ఇలాంటివి ఎవరు కొంటారే?"

"తమరే కదమ్మగారూ విరిచారు."

"నేను చూశానంతే. చూడకుండా ఎవరైనా కొంటారా?"

"చూశారు కదమ్మా, మరి తీసుకోండి."

"విరిగిపోయినవి ఎలా తీసుకుంటానే, నీ అమాయకత్వం కూలా" అని మాణిక్యమ్మగారు నవ్వుకుంటూ వంకాయల వైపు వెళ్లిపోయింది.

సాయంత్రం సన్యాసమ్మ గంప నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చి, విరిగిన కాయలన్నీ మేక ముందు పోసింది. ప్రతి వారం ఇదే తంతు. అసలు సంగతేమిటంటే, ఆ ఊళ్లో బెండకాయని విరిచినవాళ్లే గానీ తిన్నవాళ్లు లేరు. దాని రుచి తెలిసింది ఒక్క మేకకే. మేకని ఎవరూ అడగలేదు.

ఆ రోజు గవరయ్య ఇంకో సలహా చెప్పాడు. "వచ్చే వారం కూడా గంప ఇలాగే తిరిగొస్తే, ఈ మొక్కలన్నీ పీకి పొగాకు వేస్తాను."

ఆ మొక్కలంటే సన్యాసమ్మకి ప్రాణం. పచ్చటి పువ్వు విప్పారితే ఇంట్లో దీపం పెట్టినట్టుండేది ఆమెకి. మొక్కల మధ్య చతికిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అమ్మా, మమ్మల్ని నిజంగా పీకేస్తారా?" అని అడిగాయి బెండ మొక్కలు.

"గంప ఖాళీ అయితే పీకరర్రా. ఖాళీ అయ్యే దారే కనబడటం లేదు."

"ఇప్పుడు జరుగుతున్నది బాగానే ఉంది కదా, మార్చడం ఎందుకు?" అంది మేక, నములుతూనే.

మర్నాడు సన్యాసమ్మ ఆగలేక సంత మైదానానికి వెళ్లి, తుమ్మచెట్టుకి తన గోడంతా వెళ్లబోసుకుంది. తుమ్మ అంతా విని, ముళ్లు గలగలమనిపించింది.

"నా సంగతి చూడు. పళ్లు తోముకోవాలంటే నన్నే విరుస్తారు. కత్తి పదునుగా ఉందో లేదో చూడాలంటే నా మీదే గీస్తారు. అందుకే గాయమైన చోటల్లా జిగురు పెట్టుకున్నాను. ఇప్పుడు ఎవడైనా చెయ్యి వేశాడంటే, ఆ చెయ్యి వదిలించుకోవడానికే వాడికి సగం రోజు పోతుంది. కావాలంటే ముళ్లు కూడా ఇస్తాను."

"ముళ్లు వద్దు మావా. ముళ్లుంటే అసలు దగ్గరికే రారు. వాళ్లు చెయ్యి వెయ్యాలి, వేసిన చెయ్యి వదలకూడదు. జిగురు ఇప్పించు చాలు."

"ఇస్తాను గానీ ఒక మాట. జిగురుకి అమ్మేది ఎవరో, కొనేది ఎవరో తెలియదు. ఆలోచించుకున్నావా?"

కష్టంలో ఉన్నవాళ్లకి ఆలోచించే తీరిక ఎక్కడిది? సన్యాసమ్మ దోసెడు జిగురు పట్టుకెళ్లి, నీళ్లలో కరిగించి, మొక్కమొక్కకీ పోసింది. బెండ మొక్కలు గటగటా తాగేశాయి.

మళ్లీ లక్ష్మివారం వచ్చింది. మాణిక్యమ్మగారూ వచ్చింది. వంగింది, విరిచింది. కాయ చేతికి అతుక్కుపోయింది. దాన్ని లాగుదామని రెండో చెయ్యి వేసింది. అదీ అతుక్కుంది. విదిలిస్తే గంపలోవి ఇంకో అరడజను వచ్చి పట్టుకున్నాయి.

"ఇవేం కాయలే?"

"లేత కాయలమ్మగారూ."

మాణిక్యమ్మగారు అటూ ఇటూ చూసింది. సంతలో దొంగతనం జరిగితే తీర్పు చెప్పేది ఆవిడ మొగుడే. ఆయన పెళ్లామే డబ్బివ్వని సరుకు రెండు చేతులకీ వేలాడదీసుకుని సంత దాటితే ఏం బావుంటుంది? గత్యంతరం లేక, సన్యాసమ్మ చేతే తన కొంగుముడి విప్పించుకుని, డబ్బులిచ్చి, తలెత్తుకుని నడిచిపోయింది.

అది చూసిన జనం ఊరుకుంటారా? "కాయలు చేతికి అతుక్కుంటున్నాయట" అంటే ఎవరూ నమ్మలేదు. ఒక్కొక్కరే వచ్చి స్వయంగా విరిచి చూశారు. చూసిన వాళ్లంతా కొన్నారు. మధ్యాహ్నానికల్లా గంప బోర్లించింది సన్యాసమ్మ.

ఇంటి దగ్గర మాణిక్యమ్మగారు పులుసు పెట్టాలి. గరిటె పట్టుకుందామంటే వేళ్లు రావు. ఏం చెయ్యాలో తోచక, చింతపండు పిసికిన గిన్నెలో రెండు చేతులూ ముంచింది. అంతే, పులుపు తగలగానే జిగురు పట్టు వదిలేసి, కాయలన్నీ బుడుంగుమని అందులో పడ్డాయి. డబ్బిచ్చి కొన్నవి పారేయడానికి ఆవిడకి మనసొప్పలేదు. అలాగే పొయ్యి మీద పెట్టింది. మునసబుగారు మారు మాట్లాడకుండా మూడుసార్లు వడ్డించుకున్నారు. ఊళ్లో ఆ పూట అందరి ఇళ్లలోనూ అదే కథ.

తర్వాతి లక్ష్మివారం తుమ్మచెట్టు కింద తిరనాళ్లలా ఉంది. అందరికీ బెండకాయలే కావాలి. కానీ ఒక్కరూ చెయ్యి వెయ్యలేదు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు.

"నువ్వే విరిచి చూపించవే సన్యాసమ్మా. లేతవైతేనే తీసుకుంటాం" అంది మాణిక్యమ్మగారు.

సన్యాసమ్మ ఒకటి విరిచింది. ఇంకొకటి విరిచింది. కాసేపటికి పది వేళ్లకీ పది కాయలు. తూచలేదు, డబ్బులు తీసుకోలేదు, ముక్కు దురద పెడితే గోక్కోలేదు. జనం ఇక గంప వంచి వాళ్లకి వాళ్లే పోసుకుని, తోచినంత ఇచ్చి పోవడం మొదలుపెట్టారు. తోచినంత అంటే ఎంతో మీకూ తెలుసు. సన్యాసమ్మ వెనక్కి తిరిగి చెట్టుని బతిమాలుకుంది.

"నీ జిగురు నువ్వు తీసేసుకో మావా, నీకు పుణ్యముంటుంది."

"ఇచ్చింది వెనక్కి రాదే అమ్మాయ్. కావాలంటే పలచన చేస్తాను. పట్టు మాత్రం పోతుంది."

"పోతే పోనీ. ఇప్పుడు రుచి తెలిసింది కదా, పట్టుకోకపోయినా కొంటారు."

తుమ్మ జిగురుని పలచన చేసింది. సన్యాసమ్మ చెప్పినట్టే జనం కొన్నారు కూడా. అయితే పట్టు పోయిందని తెలిసిన మరుక్షణమే మళ్లీ పుటుక్కు పుటుక్కుమని విరవడం మొదలెట్టారు. గంపలో సగం అమ్ముడుపోయేది, సగం విరిగిపోయేది. మొక్కలు మాత్రం బతికిపోయాయి. బెండ వేయమని తానే చెప్పానని గవరయ్య ఊరంతా చెప్పుకున్నాడు. మేక ఒక్కటే కొన్నాళ్లు అలిగింది.

మరుసటి ఏడు, తన కాపు అయిపోయిన నెలలో సన్యాసమ్మ ఖాళీ సంచి పట్టుకుని సంతకెళ్లింది. జీవితంలో మొదటిసారి కొనేదానిలా వెళ్లింది. అప్పటికే సన్యాసమ్మ బెండ విత్తనాలు చుట్టుపక్కల ఊళ్లకీ పాకాయి. పక్క ఊరి నుంచి పైడమ్మ అనే ఆవిడ బెండకాయలు తెచ్చి కూర్చుంది. బక్క మనిషి. మంచి చోట్లు దొరక్క ఎండలోనే కూర్చుంది.

సన్యాసమ్మ వంగి ఒక కాయ విరిచింది. లేతగా ఉంది. ఇదే ఇంత లేతగా ఉంటే అనుకుని, పక్కది విరిచింది. తర్వాత ఇంకొకటి.

"తీసుకో అప్పా, పొద్దున కోసినవే" అంది పైడమ్మ ఆశగా.

"చూశానంతే" అంది సన్యాసమ్మ. వేళ్లకి అంటిన జిగురుని పైడమ్మ గోనెకే తుడుచుకుని, వంకాయల వైపు వెళ్లిపోయింది.

అప్పటినుంచే బెండకాయ కొన విరిస్తే వేళ్లకి జిగురంటుతుంది. మనిషిని పట్టుకుని ఆపేంత కాదు, తుడుచుకుని వెళ్లిపోయేంత.