ఆవులింత గట్టెక్కించిన పడవ

అనగనగా ఒకరోజు సాయంత్రం నాలుగైంది. మబ్బేసింది గానీ వాన ఇంకా పడలేదు. ఒక లంక ఊరివాళ్ళు సంతకెళ్ళి, గోదావరి మీద పడవలో తిరిగొస్తున్నారు. ఈ అమ్మమ్మ చెప్పేది పడుకుని విను బంగారం, లేవకు.

పడవ నడిపేది నూకరాజు. ముందువైపు మంగాయమ్మ మామ్మ, ఆవిడ పక్కన వీరవేణి, వీరవేణి ఒళ్ళో మాటలింకా రాని కూతురు అమ్మలు. ఎదురుగా సూరిబాబు, వాడి చంకలో కొత్తగా కొన్న కోడి. వెనకాల ఇంకొందరు.

ఆ కోడి తప్పించుకుని మామ్మ నెత్తినెక్కి కూర్చుంది. "నా కొప్పు గూడనుకుందిరా నీ కోడి! గుడ్డు పెడితే మాత్రం నాదే!" అంది మామ్మ. సూరిబాబు నవ్వాడు. వాణ్ణి చూసి అందరూ నవ్వారు. ఆ తర్వాత అమ్మలు కూడా నవ్వింది. దానికేం తెలుసని? అమ్మ మొహం చూసి నవ్వింది.

మన తలలో చిన్న అద్దంలాంటిది ఉంటుందమ్మా. ఎదుటివాళ్ళు నవ్వితే అందులో నవ్వు పడుతుంది. భయపడితే భయం పడుతుంది.

అప్పుడు గాలి లేచింది. నది నడిమధ్యన పడవ ఒక్కసారి ఒరిగింది. దోసెడు నీళ్ళు లోపల పడ్డాయి, అంతే. సూరిబాబు మొహం పాలిపోయింది. నీళ్ళనెవరూ చూళ్ళేదు, వాడి మొహం చూశారు. ఒకరు లేచారు. ఇంకొకరు లేచారు.

"లేవకండర్రా! ఏం కాదు!" అన్నాడు నూకరాజు. కానీ గొంతు వణికింది. అందరికీ ఆ వణుకే అందింది. మామ్మ కూడా లేచి పడవ అంచు పట్టుకుంది. అంచు నీళ్ళకి తగులుతోంది.

"మునిగిపోయిందా అమ్మమ్మా?"

చెబుతున్నాగా. నా చెయ్యి పట్టుకో.

అమ్మలు నీళ్ళవైపు చూడటం లేదు. అమ్మనే చూస్తోంది. పెదవులు వణుకుతున్నాయి. కూతురి మొహంలో వీరవేణికి తన భయమే కనబడింది. తను అరిస్తే ఇది అరుస్తుంది. ఇది అరిస్తే పడవంతా అరుస్తుంది.

అప్పుడు వీరవేణి కదలకుండా కూర్చుని, నోరంతా తెరిచి ఆవులించింది. దొంగ ఆవులింత. నోటి ముందు చిటికెలు కూడా వేసుకుంది. అది చూసి అమ్మలుకీ ఆవులింతొచ్చింది. అది దొంగది కాదు.

పసిపిల్ల ఆవులిస్తే చిటికె వెయ్యకుండా ఏ మామ్మ ఉంటుంది? మంగాయమ్మ పడవ అంచు వదిలేసి, కూర్చుని, "నా తల్లే, నిద్రొచ్చిందా" అంటూ చిటికె వేసింది. ఆ తర్వాత తనూ ఆవులించింది. సూరిబాబు అరవడానికే నోరు తెరిచాడు. ఆవులింతొచ్చింది.

"చచ్చేముందు నిద్రేంట్రా నీకు?" అంది మామ్మ. ఎవరో కిసుక్కుమన్నారు. ఒక్కొక్కళ్ళే కూర్చున్నారు. పడవ సర్దుకుంది. నూకరాజు మళ్ళీ తెడ్డు వేశాడు.

గట్టెక్కాక వీరవేణి లెక్క చూసుకుంది. మామ్మ వచ్చింది. సూరిబాబు వచ్చాడు, కోడితో సహా. వెనకవాళ్ళంతా వచ్చారు. నూకరాజు వచ్చాడు. భుజం మీద అమ్మలు, నిద్రపోయింది.

ఆ కళ్ళు ఇక తనని చూడటం లేదని తెలిశాక, అప్పుడు వణికింది వీరవేణి.

కథేమో కంచికి,
పడవేమో గట్టుకి,
అందరం ఇంటికి.