గోడ కింద నీళ్ళు

అనగనగా, ఒక అడుగు తవ్వితే మన్ను, రెండో అడుగుకే నల్లరాయి తగిలే ఊరు ఒకటుండేది. ఆ ఊళ్ళో గవరయ్య అనే ఉప్పు వర్తకుడు కొత్త ఇల్లు కట్టుకున్నాడు. ఇల్లు ముచ్చటగానే ఉంది, నీళ్ళే లేవు. అతని భార్య నాంచారి రోజూ కొండవాగు దాకా నడిచి కడవలతో నీళ్ళు మోసుకొచ్చేది. పాపం, ఆమె మోకాళ్ళు అరిగిపోతున్నాయి.

గవరయ్య బావులు తవ్వే గుర్రప్పను పిలిపించాడు. గుర్రప్ప పెరడంతా తిరిగాడు. గునపంతో నేలను తట్టి, చెవి ఒగ్గి విన్నాడు. చివరికి పక్కింటి గోడ దగ్గర ఆగాడు.

"అయ్యా, కిందంతా ఒకటే నల్లరాయి. దాంట్లో చుక్క నీరుండదు. ఇదిగో, ఈ తెల్లరాయి చార ఒక్కటే దాన్ని చీల్చుకుంటూ పోయింది. కొండ మీద పడిన వాన ఈ చీలికలోకే దిగుద్ది. గోడ తీసి, సగం అటు సగం ఇటు తవ్వాల."

గవరయ్య మొహం ముడుచుకున్నాడు. గోడకు అవతల ఉండేది అచ్చమాంబ. ఇల్లు కట్టిన కొత్తల్లోనే, అతని చూరునీళ్ళు ఆమె పెరట్లో పడుతున్నాయని తగాదా వచ్చి, మాటలు మానేసి మూడేళ్ళయింది. తప్పు తనదేనని అతనికి తెలుసు. కానీ దాన్ని ఒప్పుకోవడం కన్నా రాయి తవ్వించడమే తేలికనిపించింది.

"బావంటే ఈశాన్యంలోనే ఉండాలి. అక్కడ తవ్వు," అన్నాడు. మనిషి నిలువు లోతు దాకా రాయి పగలగొట్టినా గునపం ఖంగుమంటూనే ఉంది. నీళ్ళు లేవు.

తరువాత అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నీళ్ళు చూసే పెద్దమనిషి వచ్చాడు. తులసికోట దగ్గర కాయ లేచి నిలబడింది. అక్కడా తవ్వించారు. కాయ లేచింది గానీ నీళ్ళు లేవలేదు.

మూడోసారి గవరయ్య, "గోడకు మూరెడు ఇవతల తవ్వు," అన్నాడు.

"చార నిటారుగా దిగలేదయ్యా, అటేపు వాలింది. కూలి కోసం దొరుకుద్దని చెప్పలేను," అన్నాడు గుర్రప్ప. గవరయ్య వినలేదు. రెండు నిలువుల దాకా గుంత అంచున తెల్లరాయి కనిపించింది. ఆ తరువాత గోడ కిందికి జారుకుంది.

ఆ సాయంత్రమే నాంచారి వాగుగట్టున జారిపడింది. కడవ పగిలింది, చెయ్యి విరిగింది. నొప్పితో మూలుగుతూనే, "రేపు నీళ్ళెవరు తెస్తారండీ?" అని అడిగింది. గవరయ్య సిగ్గుతో తలెత్తలేకపోయాడు.

తెల్లవారగానే అచ్చమాంబ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"అక్కా, తప్పు నాదే. నా చూరునీళ్ళే నీ పెరడు పాడుచేశాయి. చూరు కోయిస్తాను. గోడ తీసి బావి తవ్వుకుందాం. నీళ్ళు ఇద్దరివీ."

అచ్చమాంబ గడప దిగింది.

"నీళ్ళ సంగతి తరవాత. నాంచారి చెయ్యి ఎలా ఉంది?" అంటూ, అతన్ని దాటుకుని గబగబా ఆ ఇంటికి నడిచింది.

గోడ తీశారు. ఆరు నిలువుల లోతున తెల్లరాయి చీలికలోంచి చల్లటి నీరు ఉబికింది. మొదటి చేద అచ్చమాంబే తోడి, ఆ నీళ్ళతో నాంచారికి గంజి కాచి తాగించింది.

కాబట్టి పిల్లలూ, తప్పు మనదేనని తెలిశాక ఇంకెక్కడా తవ్వకండి, ముందు వెళ్ళి ఒప్పుకోండి.