మూగక్రియ

మా సింగరాచార్యులుగారిని ఏదైనా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు. ఆయన వెనకాల నడిచి వెళ్లి మనమే చూసుకోవాలి. ఆ రోజు పొద్దున అడిగినవాడు, నాతోపాటు ఆయన దగ్గర చదువుకుంటున్న ఏకాంబరం.

"గురువుగారూ, మార్కండేయశర్మగారు బతికుండగా తన సిద్ధాంతం తప్పని ఒప్పుకుంటారంటారా?"

పాపం, వాడి గోల వాడిది. 'సీత నా చెల్లెలు' అంటాం. అందులో క్రియ లేదని మీకూ నాకూ తెలుసు. శర్మగారు మాత్రం ఉందన్నారు. 'చెల్లెలు' తర్వాత చెవికి వినబడని క్రియ ఒకటి ఉంటుందట, వాక్యాన్ని నిలబెట్టేది అదేనట. దానికి మూగక్రియ అని పేరు కూడా పెట్టారు. నలభై ఏళ్లుగా పాఠ్యపుస్తకాల నిండా అదే. అక్కడ ఏమీ లేదని ఏకాంబరం ఆరేళ్లు కూర్చుని సిద్ధాంతవ్యాసం రాస్తే, శర్మగారి శిష్యులు రెండుసార్లు తిప్పి పంపారు. ఇక మిగిలింది ఒక్క అవకాశం. శర్మగారు స్వయంగా ఒక్క మాట అంటే తప్ప వాడికి పట్టా రాదు.

గురువుగారు చెప్పులు వేసుకున్నారు.

పదకొండింటికి శర్మగారింటికి చేరాం. బయట ఎండ ఫెళ్లుమంటోంది. ఆయన భార్య తలుపు తీశారు.

"మీరు ఆచార్యులుగారు" అన్నారావిడ. అని ఆగారు. మేం ముగ్గురం లోపలికి వచ్చేశాక కూడా, మా వెనక ఇంకెవరో రావలసినట్టు తలుపు అలాగే పట్టుకున్నారు. ఆ తర్వాతే మూశారు.

కోడలు కాఫీ తెచ్చింది. "ఇది పంచదార లేనిది" అంది. తనూ ఆగింది, సరిగ్గా అంతే సేపు. ఇంట్లో అందరికీ అలవాటైపోయింది కాబోలు అని సర్దిచెప్పుకున్నాను గానీ, నిజం చెప్పొద్దూ, నా ఒళ్లు జలదరించింది. ఏకాంబరం మాత్రం మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నాడు.

శర్మగారు పడక్కుర్చీలో ఉన్నారు. మనిషి చిక్కి సగమయ్యారు. ఒళ్లో ఏకాంబరం రాసిన కాగితాలే ఉన్నాయి.

"రెండుసార్లు చదివానయ్యా. నువ్వు రాసిందంతా నిజం" అన్నారు. ఆగారు.

ఏకాంబరం కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "అయితే ఆ మాట మీవాళ్లకి చెప్పండి, మహానుభావా! నా బతుకు నిలబడుతుంది."

"చెప్పాలని ఏడాదిగా చూస్తున్నాను. ఇదిగో, విను." ఆయన లేచి నిలబడ్డారు. గొంతు సవరించుకుని స్పష్టంగా అన్నారు. "నా సిద్ధాంతం తప్పు."

కోడలు ఖాళీ గ్లాసులు తీయబోతూ ఆగిపోయింది. గుమ్మంలో భార్య కళ్లు మూసుకున్నారు. గదిలో చిన్న అలికిడి కూడా లేదు. శర్మగారు గది మూలకి చూస్తూ నిలబడ్డారు. చూస్తుండగానే ఆయన మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది.

"విన్నారా, ఆచార్యులవారూ?" అన్నారు గొంతు తగ్గించి. "నేను 'తప్పు' దాకానే అంటాను. ఆ తర్వాతి మాట నేననడం లేదు."

మా ఎవరికీ ఏమీ వినబడలేదు.

"పోనీ రాసివ్వండి" అన్నాడు ఏకాంబరం మొండిగా. శర్మగారు రాశారు, సంతకం కూడా చేశారు. కాగితం అందిస్తుంటే చూశాను. తప్పు అన్న మాటకీ చివరి చుక్కకీ మధ్య, ఒక మాట పట్టేంత చోటు వదిలేసి ఉంది.

"దగ్గరగా పెట్టలేకపోయాను నాయనా, క్షమించు" అన్నారాయన. ఆ కాగితం శిష్యుల చేతికిస్తే వాళ్లు చూసేది ఆ చోటునే, మూగక్రియకి సాక్ష్యంగా, అని నాకు తెలిసిపోయింది. ఏకాంబరానికీ తెలిసింది.

వీధిలోకి వచ్చాక వాడికి కోపం ఆగలేదు. కాగితాన్ని గురువుగారి మొహం ముందు ఆడించాడు.

"ఇంటిల్లిపాదికీ పిచ్చెక్కింది గురువుగారూ! ఇక్కడ ఏముంది? చూడండి. ఇది ఉత్త ఖాళీ" అన్నాడు.

అని ఆగాడు.

గురువుగారు కూడా నడక ఆపి, వెనక్కి తిరిగి వాడి మొహంలోకి చూశారు.

"ఎవరి కోసం ఆగావు, నాయనా?"